సుహాసిని బకెట్

విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న సుహాసిని సెలవులకి ఇంటికి బయలుదేరిందంటే, భుజాన బ్యాగుతో పాటు చేతిలో మూతున్న పెయింట్ బకెట్ కూడా ఉండాల్సిందే. మొదటి ఏడాది దసరాకి హాస్టల్ గదిలో వదిలి వెళ్లిన బకెట్ మళ్లీ కంటికి కనబడలేదు. అందుకే దీన్ని ఎవరి చేతికీ ఇవ్వదు. గోళ్ల రంగుతో పేరు కూడా రాసుకుంది. ఉతకాల్సిన బట్టలన్నీ అందులో కుక్కి, మూత బిగించి, బస్సులో సీట్ల మధ్య దాన్ని వేసుకుని, మూత మీద దర్జాగా కూర్చుంటుంది. ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక సీటు దొరకడం గగనమైంది గానీ, సుహాసినికి ఆ బెంగ లేదు.

మొన్న సాలూరు బస్సులో గజపతినగరం దగ్గర ఒక ముసలమ్మ ఎక్కి, కడ్డీ పట్టుకుని తూలిపోతూ నిలబడింది. సుహాసిని కాసేపు చూడనట్టే ఫోన్ తిప్పింది. తర్వాత విసురుగా లేచింది.

“మామ్మా, ఇలా కూకో. గట్టిగా కదలకు, మూత ఇరిగిపోద్ది.”

“సల్లగుండు తల్లీ,” అంటూ కూర్చున్న ముసలమ్మ, పక్కనే నిలబడ్డ సుహాసిని నడుముకి తల ఆన్చి ఇట్టే గురక పెట్టింది. సుహాసిని దిగాల్సిన రామభద్రపురం వచ్చింది. కింద నాన్న బైకు పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ముసలమ్మని లేపుదామని సుహాసిని వంగింది. చెయ్యి భుజం దాకా వెళ్లి ఆగిపోయింది. బస్సు కదిలింది. వెంటనే ఫోన్ మోగింది.

“ఏటే, దిగనేదేటి?”

“నాన్నా, అరవకు,” అంది సుహాసిని గుసగుసగా. “నా బకెట్ మీద మామ్మ పడుకున్నాది. నువ్వు బండేసుకుని సాలూరు వచ్చీ.”