లేని సీన్‌కి పదికి పది

ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పాను. అంతమందిలో నా పాఠాన్ని బతుకులో వాడుకోవాలని ముచ్చటపడ్డవాడు ఒక్కడే కనిపించాడు. వాడు సినిమా డైరెక్టరయ్యాడు. కాలేజీలో వాడికి నా సబ్జెక్టులో ముప్పై అయిదు మార్కులు రావడానికి నేనెంత కష్టపడ్డానో నాకే తెలుసు.

ఓ ఆదివారం పొద్దున కృష్ణానగర్‌లో నేనుండే మేడమీది పోర్షన్ వెతుక్కుంటూ వచ్చాడు. మొదటి సినిమా తీసేశాడట. నిర్మాతకి సెకండాఫ్ సాగినట్టుందట. రెండు నిమిషాల సీన్ ఒకటి తీసేయమంటున్నాడు. వీడు ప్రాణం పోయినా తీసేయనంటున్నాడు. రెండు వారాలుగా ఇదే పోట్లాట.

"మీరు చెప్పేవారు కదా మేడమ్, రెండు గుంపుల్ని పోల్చడానికి ఒక పద్ధతుందని. సీన్ ఉన్న సినిమా కొంతమందికి, లేని సినిమా కొంతమందికి చూపించి మార్కులేయిస్తాం. తేడా ఉందో లేదో మీరు తేల్చండి. మీ మాటకి ఇద్దరం కట్టుబడతాం" అన్నాడు.

ఆ రోజు నా మొహం చూసుకోలేదు గానీ వెలిగిపోయే ఉంటుంది. ఇంతకీ ఏ సీనయ్యా అని అడిగాను.

"హీరో అద్దెగది కోసం ఒకింటికి వెళ్తాడు మేడమ్. ఓనరమ్మ నీళ్లు ఇన్ని బకెట్లే వాడాలి, చుట్టాలు రాకూడదు అని షరతులన్నీ ఏకరువు పెట్టి, చివరికి కూచోబెట్టి అన్నం పెడుతుంది. ఆ ఓనరమ్మ వేషం వేసినావిడ మీ కింద పోర్షన్‌లోనే ఉంటారు."

అక్కడే నాకు కుదరదు పొమ్మనాల్సింది. సొంత పిల్లల పేపర్లు మనం దిద్దకూడదన్న నియమం నాకు తెలియనిది కాదు. కానీ ముప్పై అయిదు మార్కులవాడు వెతుక్కుంటూ వచ్చి తేడా లేదనుకుని మొదలెట్టే శూన్య పరికల్పన గురించి అడిగితే ఏ టీచరు కాదనగలదు?

కింద పోర్షన్ ఆవిడని వీధంతా అక్క అంటుంది. నాకంటే చిన్నదే అయినా నేనూ అక్కా అనే పిలుస్తాను. ఇరవై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. ఆమె వెళ్లిన పెళ్లిళ్లకీ, ఏడ్చిన చావులకీ, కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూచున్న కేసులకీ లెక్కలేదు. అన్నేళ్లలో ఆమెకి దొరికిన డైలాగులు రెండు. ఒకసారి ఒంటరిగా "అయ్యో", ఇంకోసారి పదిమందితో కలిసి "వచ్చిండు, వచ్చిండు". అలాంటిది రెండు నిమిషాల పాటు తెర మీద తనొక్కతే, తన సొంత గొంతుతో మాట్లాడింది. ఆ సంగతి ఇస్త్రీ బండి అతనికి తెలుసు, పూలమ్మికి తెలుసు, వీధి చివర టిఫిన్ సెంటర్లో దోసెలు పోసే మనిషికీ తెలుసు. సీన్ పోతే ఆమె మళ్లీ గుంపులోకి పోతుంది. అంతకంటే ముందు వీధిలో తలెత్తుకోలేదు.

డైరెక్టర్ కారెక్కీ ఎక్కకముందే అక్క టీ గ్లాసుతో పైకొచ్చింది.

"ఏం పని మీద వచ్చిండు టీచరమ్మా?"

చెప్పాను. పరీక్ష సంగతి, రెండు ఆటల సంగతి, మార్కుల కార్డుల సంగతి, అన్నీ విడమరిచి చెప్పాను. పాఠం చెప్పే అలవాటు అంత తొందరగా పోదు. చివర్లో మాత్రం ఎవరికీ చెప్పొద్దు అన్నాను. కృష్ణానగర్‌లో ఆ మాటకున్న అర్థం, తొందరగా చెప్పు అని.

నేను పెట్టిన షరతు ఒక్కటే. వచ్చినవాళ్లని చీటీలు తీయించి రెండు గుంపులు చెయ్యాలి. ఎవరు ఏ ఆట చూడాలో చీటీ చెప్పాలి తప్ప మనుషులు చెప్పకూడదు. ప్రొడక్షన్ మేనేజర్ సరే సరే అన్నాడు. ఆటల రోజు నేను కంటి డాక్టర్ దగ్గరికి పోవాల్సొచ్చింది. మేనేజర్ తన అనుభవాన్నంతా వాడేశాడు. జనాన్ని తేవడం పుట్టినప్పట్నించీ చేస్తున్న పనే కదా, చీటీలెందుకని, పొద్దుటి ఆటకి జూనియర్ ఆర్టిస్టుల్ని పంపే కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి కృష్ణానగర్ నుంచి నలభై మందిని రప్పించాడు. సాయంత్రం ఆటకి జూబ్లీహిల్స్‌లో నిర్మాత బంధువుల్నీ స్నేహితుల్నీ నలభై మందిని పిలిచాడు. పొద్దుటి ఆటలో సీన్ లేదు. సాయంత్రం ఆటలో ఉంది. రాత్రికల్లా కార్డులు రెండు కవర్లలో మా ఇంటికొచ్చాయి.

మర్నాడు పొద్దున్నే లెక్క మొదలెట్టాను. సాయంత్రం గుంపు సగటు ఆరు దగ్గర ఉంది. మార్కులు రెండు నుంచి తొమ్మిది దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏసీ చాలలేదని మూడు వేసినావిడ ఒకరు. మనుషులన్నాక అలాగే ఉంటారు. పొద్దుటి గుంపు సగటు పదికి వెంట్రుకవాసి తక్కువ. స్టాండర్డ్ డీవియేషన్, అంటే మార్కుల మధ్య ఎడం, దాదాపు సున్నా. నా సర్వీసులో నలభై మంది ఒక విషయం మీద అంత ఏకమాట మీద ఉండగా చూడలేదు. మా స్టాఫ్ మీటింగులో టీ తాగుదామా అన్నా ఇద్దరు అడ్డుపడేవాళ్లు.

అప్పుడు కార్డు అడుగున ఉన్న గడి చూశాను. 'మీకు నచ్చిన సీన్' అని. ఒకరు 'ఇంటి ఓనరమ్మ సీన్' అని రాశారు. తర్వాతి కార్డులో 'ఓనరమ్మ'. ఆ తర్వాత 'అన్నం పెట్టే సీన్ సూపర్'. ఒకరైతే మొహమాటం లేకుండా 'అక్క సీన్' అనే రాశారు. కవరు మీద చూశాను, సీన్ లేని ఆట అని స్పష్టంగా ఉంది. డైరెక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. కార్డులు లోపలికి వెళ్లేటప్పుడే ఇచ్చారట. తర్వాత షూటింగుందని దాదాపు అందరూ లైట్లు ఆర్పకముందే రాసిచ్చేశారట.

వాళ్లు నవ్వమంటే నవ్వి, ఏడవమంటే ఏడ్చే వృత్తిలో ఉన్నవాళ్లు. అక్క పది వెయ్యమంది, పది వేశారు. ఆ పదులన్నీ వెళ్లి ఆమె లేని సినిమా నెత్తిన పడ్డాయి. నాకు పడీపడీ నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. ఎందుకంటే ఈ లెక్క ప్రకారం సీన్ తీసేస్తే సినిమాకి ఎక్కడలేని మార్కులు వస్తున్నాయి. ఏ పరీక్ష పెట్టినా తేడా ఖాయం. అలాగని నిజం చెబితే అక్క పేరు బయటికొస్తుంది, ఇక ఏ కోఆర్డినేటరూ ఆమెని పిలవడు. కిందికి దిగి నాలుగు తిడదామనుకున్నాను గానీ, అసలు ఆమెకి చెప్పిందెవరు? తప్పు నాదే. నోరు మూసుకున్నాను. ఆ వారం ఆమె కూడా పైకి రాలేదు.

జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఆఫీసుకి కార్డుల సంచి ఒళ్లో పెట్టుకునే వెళ్లాను. సగటులు వినగానే ఆయన డైరెక్టర్ వైపు చూసి చల్లగా నవ్వాడు.

"చూశారా, నేను చెబుతూనే ఉన్నాను. ఏవీ మేడమ్ గారూ, కార్డులు ఇలా ఇవ్వండి, ఏం రాశారో చూద్దాం."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు సంచిని గట్టిగా పట్టుకున్నాను. "ఆన్సర్ పేపర్లు బయటివాళ్లకి చూపించకూడదండీ" అన్నాను. ముప్పై ఏళ్ల గొంతది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ తేడా చెల్లదండీ" అన్నాను. "పొద్దున వచ్చినవాళ్లు బైకుల మీద వచ్చారు. సాయంత్రం వాళ్లు కార్లలో వచ్చారు. మనం పోల్చింది సీన్‌ని కాదు, పార్కింగ్‌ని."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మొత్తం నిజమూ లేదు. నిర్మాత ఒప్పుకోడనుకున్నాను గానీ వెంటనే ఒప్పుకున్నాడు. కారణం తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం ఆయన వియ్యపురాలు సినిమాకి నాలుగు మార్కులు వేసిందట. ఆ ఆట లెక్కలోకి రాకుండా పోతే ఆయనకంటే సంతోషించేవాడు లేడు.

రెండోసారి నేనే గుమ్మంలో నిలబడ్డాను. ఫిలింనగర్‌లో పక్కపక్కనే ఉన్న రెండు చిన్న ప్రివ్యూ థియేటర్లు, ఒకటే టైము. వచ్చినవాళ్లెవరైనా సరే స్టీలు డబ్బాలోంచి చీటీ తీయాల్సిందే. ఒక చీటీ కుడికి, ఒక చీటీ ఎడమకి. కుడి హాల్లో సీన్ ఉంది, ఎడమ హాల్లో లేదు. పట్టుచీరావిడ తోడికోడలి పక్కనే కూచుంటానంది. కుదరదన్నాను. మొగుడూపెళ్లాల్ని విడదీశాను. డాన్సర్ కుర్రాళ్ల మధ్య ఓ రిటైర్డ్ ఇంజనీరుగారిని ఇరికించాను. ఆ రోజు అంత అధికారం నేను కాలేజీలో కూడా చెలాయించలేదు. పెన్సిళ్లు మాత్రం సినిమా అయ్యాక, బయటికొచ్చేటప్పుడే ఇచ్చాను.

ఈసారి సగటులు రెండూ దాదాపు పక్కపక్కనే పడ్డాయి. సీన్ ఉన్నదానికి పిసరంత ఎక్కువ. ఈ పిసరు నిజమా, చీటీల చలవా అన్నది నిర్మాతకి చెప్పాలి. ఫార్ములా చెబితే ఫోన్ చూసుకుంటాడని, కార్డుల కట్ట ఆయన ముందే పెట్టి పేకముక్కల్లా కలపమన్నాను. ఆయనకి రమ్మీ బాగా వచ్చునని చేతులు చూస్తేనే తెలిసింది. బోర్లించి రెండు కుప్పలుగా పంచమన్నాను. ఆ కుప్పల సగటులు కట్టి తేడా చూపించాను. మళ్లీ కలిపించాను. పదిసార్లు పంచితే ఏడుసార్లు మా పిసరుకంటే పెద్ద తేడా వచ్చింది.

"గుడ్డిగా పంచినా ఇంత తేడా వస్తోంది కదండీ. అందుకని, మనకొచ్చిన తేడా సీన్ వల్లే వచ్చిందని చెప్పలేం" అన్నాను.

"అంటే తేడా లేదు. తీసేద్దాం" అన్నాడు నిర్మాత.

"తేడా లేదు కదండీ, ఉంచేద్దాం" అన్నాడు డైరెక్టర్.

"తేడా లేదని కాదయ్యా, ఉందని చెప్పలేమని" అన్నాను. ఇద్దరూ నావైపు జాలిగా చూశారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను రెండూ అనలేదు కాబట్టి ఇద్దరికీ కోపం వచ్చింది. పాతికేళ్ల క్రితం క్లాసులో కూడా ఈ ముక్క దగ్గరే ఇద్దరు ముగ్గురు నిద్రపోయేవాళ్లు.

రెండు రోజుల తర్వాత డైరెక్టర్ ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

"సీన్ ఉంటుంది మేడమ్. నిర్మాతగారి భార్యకి ఆ రోజు కుడివైపు చీటీ వచ్చిందట. నిన్న భోంచేస్తూ, 'ఆ ఓనరమ్మ ఎవరండీ, అచ్చం మా పిన్నిలాగే కసురుతూ వడ్డిస్తోంది' అన్నారట. పొద్దున్నే ఆయన సీన్ ఉంచేయమని ఫోన్ చేశారు."

అంతే. మూడు ఆటలు కాదు నాలుగు ఆటలు, కట్టలకొద్దీ కార్డులు, నా కళ్లజోడు నంబరు, అన్నీ ఒకవైపు. వడ్డిస్తూ అన్న ఒక్క మాట ఒకవైపు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, సీన్ ఇంట్లోనే గెలిచింది. ఉక్రోషం వచ్చిన మాట నిజం. సంతోషం అంతకంటే ఎక్కువ వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగాను.

అక్క గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నీ సీన్ ఉంటుంది అక్కా అన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఉంటదా? తీసేసిండ్రు గదా."

"ఎవరన్నారు?"

"ఎవరో అనుడేంది, నేనే సూసిన. మొదటి దినం మా వాళ్లతోని నేను గూడ పోయిన, మాస్కు పెట్టుకొని. హీరో గది కోసం గల్లీ గల్లీ తిరుగుతుండు. ఇగ నేనొస్త, ఇగ నేనొస్త అని సూస్తున్న. గంతల్నే గదిల పండుకొని ఉన్నడు." ఒక చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసింది. "ఇంటికొచ్చి మస్తు ఏడ్చిన టీచరమ్మా. నీకు మొహం సూపియ్యలేక పైకి రాలే."

అయినా చెడ్డ అలవాటు కదా, అడగకుండా ఉండలేకపోయాను. "మరి కార్డు రాశావా?"

"రాసిన. పది ఏసిన."

"అందరికీ వెయ్యమని చెప్పావు కాబట్టా?"

"వాళ్లు సిన్మా షురూ గాకముందే రాసిచ్చిండ్రు. నేను అయిపోయినంక రాసిన." ఇంకో కాయ ఈనె లాగింది. "నేను లేకున్నా సిన్మా మంచిగనే ఉన్నది. ఉన్నదాన్ని లేదని ఎట్ల రాస్త?"

ఆ నలభైలో సినిమా చూసి రాసిన పది బహుశా అదొక్కటే. తీసేసినా ఫరవాలేదని చెప్పిన నిఖార్సయిన సాక్ష్యం కూడా అదే. నిర్మాతకి చెప్పలేదు. లెక్కలోంచి ఒక అంకెని తెలిసి తెలిసి తప్పించడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆమె పక్కన కూలబడి, గిన్నె ఇటు జరుపుకుని, నేనూ ఈనెలు తీశాను.