భోజనాల బంతిలో తమ్ముడి కెమెరా

తమ్ముడు జడ్చర్లలో ఒక స్టూడియోకు పెళ్లి వీడియోలు తీసేవాడు. పోయిన ఏడాది కామెర్లు ముదిరి మహబూబ్‌నగర్ దవాఖానలో చనిపోయాడు. మూడు నెలలకు స్టూడియో యజమాని ఫోన్ చేశాడు.

"అన్నా, దుకాణం తీసేస్తున్న. నెట్‌ల పెట్టిన పెళ్లిళ్లు గూడ పోతయి. తమ్మునియి ఏమన్న ఉంటే వారంల దించుకో."

"వాడు తీసినవి ఏవో ఎట్ల తెలుస్తది?"

"నలుగురు తీసేటోళ్లు. ఎవరి పేరు రాసినమన్నా? అన్ని స్టూడియో పేరు మీదనే గదా."

ఇంట్లో తమ్ముడి ఫొటోలు రెండో మూడో ఉన్నాయి. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవాడు. ఇక వాడు తీసినవైనా దక్కాలి.

నేను కాలేజీలో సినిమా పాఠం చెబుతాను. డబ్బు ఎవరు పెట్టినా, కథ ఎవరు రాసినా, ఆ సినిమాకు అసలు రచయిత దర్శకుడేనని, అతని చూపు ఎక్కడో ఒకచోట బయటపడుతుందని ఏటా చెబుతాను. ఒకసారి తమ్ముడు అడిగాడు, "మరి మేం తీసేటియి?" అని. "అవి వేరేరా" అన్నాను. వాడు మళ్లీ అడగలేదు.

ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, వాడివి అవే అయి ఉంటాయని ఫ్రేము బాగున్నవి ఏరాను. సాయంత్రపు ఎండలో పందిరి, మెల్లగా రాలే తలంబ్రాలు. పక్కనే ఉన్న అమ్మ రెండు చూసి తల అడ్డంగా ఊపింది.

"గివి మనోనియి గావు."

"ఎట్ల చెప్తవమ్మా?"

"బువ్వలకాడికి పెట్టు."

పెట్టాను. కెమెరా బంతి పొడవునా పోతూ ఒక్కొక్కరి ముఖం మీద ఆగుతోంది. ఒక పెద్దాయన నోట్లో ముద్దతో నమలడం ఆపి, కెమెరా ముందుకు కదిలేదాకా ఎదురుచూశాడు.

"తినేటోళ్ల నోట్లెకు సూడొద్దని చిన్నప్పటి సంది చెప్పిన. వాడు సూడడు. గింత సదువుకున్నవు, తమ్ముని చెయ్యి గుర్తువట్టవా?"

ఇంకొకటి, మరొకటి పెట్టాను. నాలుగోదానిలో బంతి మొదలుకాగానే కెమెరా కిందికి దిగింది. విస్తళ్లు, పప్పు గరిటె, వడ్డించే చేతులు. ఒక్క ముఖం లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వారమంతా భోజనాలే చూశాం. పదకొండు దొరికాయి. మొదట నేను ఏరినవాటిలో ఒక్కటీ వాడిది కాదు.

చివరి రోజు ఇంకొకటి కనబడింది. అవే విస్తళ్లు, అవే చేతులు. తేదీ చూస్తే తమ్ముడు పోయిన తర్వాతి నెల. వాడితో పనిచేసినవాళ్లలో ఎవరో తీశారు.

"ఇది వానిది గాదమ్మా. అప్పటికే లేడు గదా."

అమ్మ తెర మీది నుంచి కళ్లు తీయలేదు.

"వాని తీరే గదా. అది గూడ దించు."

దించాను. పదకొండింటికి తమ్ముడి పేరు పెట్టాను. దీనికి ఏం పేరు పెట్టాలో తెలియలేదు.