రెండు ముద్దల సంగటి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు నన్ను జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె డిస్పెన్సరీకి వేశారు. అప్పుడే వైద్యం చదువు ముగించినవాణ్ణి. పైగా కోస్తావాణ్ణి. వానలు పడ్డాక ఆ చుట్టుపక్కల వచ్చే జ్వరాలన్నీ మలేరియాయేనని మొదటి నెలలోనే తేల్చేసుకున్నాను. వచ్చినవాళ్లకు వచ్చినట్టు కంపౌండరు చేత క్వినైన్ మందు పోయించేవాణ్ణి. చాలామందికి తగ్గేది. అది చూసి నాకు పొగరెక్కింది.

ఒకరోజు ఒక దూదేకుల ఆమె పద్నాలుగేళ్ల కూతుర్ని నడిపించుకుని వచ్చింది. మొగుడు లేడు. పరుపులకు దూది ఏకి పిల్లల్ని సాకుతోంది.

"జరం దిగనే దిగదు సామీ. చలి లేదు, వణుకు లేదు. కడుపులో నొప్పంటాంది" అంది.

మలేరియా చలితో వచ్చి చెమటతో దిగుతుంది. దిగకుండా రోజురోజుకూ ఎక్కే జ్వరం టైఫాయిడ్ కావచ్చునని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. ఆమె తన మాటల్లో నా పాఠమే నాకు అప్పజెప్పింది. నేనేమో ఆ యాసకు కంపౌండరుతో కలిసి నవ్వాను. పిల్ల నాలుక చూడలేదు. కడుపు మీద చెయ్యి వెయ్యలేదు.

"డాక్టరు నువ్వా, నేనా?" అని సీసా చేతికిచ్చి పంపేశాను.

వారానికి మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మందు. మూడోసారి పిల్లను ఎద్దులబండిలో పడుకోబెట్టి తెచ్చింది. కడుపు ముట్టుకున్నది అప్పుడే. చెక్కలా బిగుసుకుపోయి ఉంది. ఒళ్లంతా చల్లటి చెమట. పేగుకు చిల్లి పడిందని చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. టైఫాయిడ్‌కు పనిచేసే క్లోరాంఫెనికాల్ అప్పటికే ప్రొద్దుటూరు మందుల షాపుల్లో దొరుకుతోంది. నేను చీటీ రాయలేదు, అంతే.

భయం వేసింది. పిల్ల కోసం కాదు, నా కోసం.

"ఏం పెట్టావు దీనికి?" అని గద్దించాను.

"ఆకలంటే రొండు ముద్దలు సంగటి పెట్టినా సామీ."

"అదీ! దాంతోనే పేగు తెగింది."

మందు పడకుండా ముదిరిన టైఫాయిడ్‌లో పేగు దానంతటదే చిల్లిపడుతుంది. ఆ సంగతి తెలిసే ఆ మాట అన్నాను. బండి చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని పంపేశాను; పిల్ల ప్రొద్దుటూరు చేరకముందే బండిలోనే పోయింది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఏడే పులివెందులకు బదిలీ చేయించుకున్నాను.

పదేళ్ల తర్వాత ఉద్యోగం మానేసి ప్రొద్దుటూరులో సొంతంగా వైద్యం చేస్తున్నప్పుడు, ఆమె కోడలితో కలిసి ఆరేళ్ల మనవరాలిని ఎత్తుకొచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను. ఈసారి నాలుక చూశాను, నాడి పట్టాను, కడుపంతా తడిమాను. టైఫాయిడే, ఇంకా ముదరలేదు. కానీ పిల్ల ఎముకలగూడులా ఉంది.

"తిండి తిని ఎన్నాళ్లయింది?" అని అడిగాను.

"తొమ్మిది దినాలు సార్. మా అత్త నీళ్లు తప్ప ఏం పెట్టనీదు" అని కోడలు ఏడ్చింది.

"పెట్టనీను" అంది ముసలామె. "జరంలో సంగటి పెట్టి నా బిడ్డను నా చేతులారా సంపుకున్నా. ఆ పొద్దు డాక్టరే చెప్పినాడు. అప్పట్నించీ మా ఈదిలో జరమొచ్చిన ఏ బిడ్డకూ ముద్ద పెట్టనీలా."

ఆ వీధిలో ఎంతమంది పిల్లలు ఆకలితో పడుకున్నారో! మెడలోని స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి అన్నాను.

"ఆ డాక్టరును నేనే. సంగటి వల్ల కాదమ్మా. ఏ జ్వరమో నేను చూడలేదు. నా తప్పు నీ మీద వేశాను."

ఆమె నా మొహంలోకి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"పదేండ్లు యాడుంటివి సామీ?" అంది.

ఎక్కడో దూరాన లేను. బస్సెక్కితే పూటలో వెళ్లగలిగేంత దూరంలోనే ఉన్నాను. తల దించుకుని క్లోరాంఫెనికాల్‌కు చీటీ రాశాను.

"ఈ బిడ్డకు ఏం పెట్టాల?" అని అడిగింది.

"గంజి, మెత్తటి మజ్జిగన్నం. అడిగినప్పుడల్లా పెట్టండి."

పిల్ల మూడు వారాల్లో లేచి తిరిగింది. చివరిసారి కోడలొక్కతే తీసుకొచ్చింది. అత్త ఎలా ఉందని అడిగాను.

"బాగుంది సార్. బిడ్డ తింటాంటే ఎదురుగా కూసోని సూస్తాంది. నువ్వు పెట్టు అత్తా అంటే మటుకు సెయ్యి యెనక్కి తీసుకుంటాది" అంది.