సత్తయ్య చేతుల్లో నరేందర్ సారు

మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివిన నేను శాసనసభలో సీనియర్ మార్షల్‌గా రిటైరయ్యాను. సభ్యులు విసిరిన మైకును గాలిలోనే పట్టుకున్నాను. పోడియం ఎక్కినవారిని చొక్కా గుండీ ఊడకుండా దించాను. "రాంచందర్ ఎత్తుకుంటే నొప్పే తెల్వది" అని ప్రతిపక్షం వాళ్లే మెచ్చుకునేవారు. నా దగ్గర ఆ పట్టు నేర్చినవారిలో మేటి సత్తయ్య.

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన సత్తయ్య ఇప్పుడు తార్నాకలో ఉంటున్నాడు. రిటైరయ్యాక అతని చేతులు ఎవరినో ఎత్తుకున్నట్టు ముందుకు వంగి బిగుసుకుపోయాయి. ఎముకలు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. భార్య భూదేవి అన్నం కలిపి తినిపిస్తుంది.

"నరేందర్ సారును ఇంకా దించలేదన్నా," అంటాడు నాతో. "మస్తు బరువున్నడు."

నరేందర్ గారు ప్రతిపక్ష సభ్యుడు. మాట్లాడటానికి మైకు ఇవ్వలేదని స్పీకరు ముందున్న వెల్‌లో బైఠాయించి, బిల్లును కదలనివ్వలేదు. సస్పెండ్ చేశారు. సత్తయ్యే ఎత్తుకెళ్లి లాబీలో దించాడు.

"మళ్ల ఎప్పుడు రానిస్తవు, సత్తయ్యా?"

"సస్పెన్షన్ ఎత్తేస్తే నేనే తోల్కపోత సారూ."

సస్పెన్షన్ ఎత్తేయకముందే నరేందర్ గారు ముషీరాబాద్‌లోని ఇంట్లో గుండె ఆగి పోయారు. సత్తయ్య మాట మిగిలిపోయింది.

మొన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో విద్యార్థులు నమూనా శాసనసభ పెట్టి, పద్ధతులు చెప్పమన్నారు. ఇలాంటి వాటికి నన్నే పిలుస్తారు. సత్తయ్యను వెంట తీసుకెళ్లాను. స్పీకరు కుర్చీలో సింధూజ అనే అమ్మాయి. ప్రతిపక్షం వెల్‌లోకి దూకగానే "మార్షల్స్!" అంది, నవ్వాపుకుంటూ.

సత్తయ్య లేచాడు. అరుస్తున్న పిల్లల మధ్య నిలబడి, వంచిన చేతులు ఆమె వైపు చాపాడు.

"సారును తెచ్చిన. తీర్మానం పెట్టమ్మా."

"తాత యాక్టింగ్ అదిరింది రా!" అన్నాడో కుర్రాడు.

సత్తయ్య కాళ్ల కింద చెక్క వేదిక కిర్రుమంటూ కుంగింది. నవ్వులు ఆగిపోయాయి.

"నరేందర్ సారు సస్పెన్షన్ ఎత్తేద్దమా అని సభను అడుగు బిడ్డా," అన్నాను.

"ఇది ఉత్తుత్తి సభ కదా తాతా?"

"ఆ కుర్చీల కూసున్నది నువ్వే గద. అడుగు."

అడిగింది. "అవును" అన్నారందరూ, గొంతులు తగ్గించి.

సత్తయ్య మెల్లగా నడిచి, ప్రతిపక్షం వరుసలో ఖాళీ కుర్చీ ముందు వంగాడు. కుర్చీ మెత్త లోపలికి దిగింది. కనపడని కండువాను సర్ది, వెనక్కి జరిగాడు. అతని చేతులు రెండూ తిన్నగా కిందికి వాలాయి. ఎవరో టీ అందిస్తే తానే పట్టుకుని తాగాడు.

సింధూజ సభ వాయిదా వేయబోయింది. ఆ ఖాళీ కుర్చీ ముందున్న మైకు ఎవరూ నొక్కకుండానే ఆనై, ఎర్రదీపం వెలిగింది. ఇప్పుడేం చేయాలన్నట్టు ఆమె నా వైపు చూసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఏ స్పీకరు చూసినా జవాబు చెప్పినవాణ్ణి, సత్తయ్య వైపు తిరిగాను.

సత్తయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"మాట్లాడనీయమ్మా. గందుకే వచ్చిండు."