రేడియేటర్‌లో పోసిన నీళ్ళు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది ఎక్కడ ఉండేదో కూడా చెప్పగలను. ఉదయగిరిలో నా వాటర్ ప్లాంటు వెనక గదిలో, చిల్లులు పడ్డ క్యాన్ల చాటున, గోనెపట్టాలో చుట్టి ఉండేది. ఒక చిన్న కారు రేడియేటర్. గది ఎన్నిసార్లు సర్దినా దాని జోలికి పోలేదు. పాత సామాను కొనేవాళ్ళు అడిగితే, అది పనికొచ్చేదే, ఉండనీ అన్నాను. దేనికి పనికొస్తుంది? ఎవరికి? నాకే తెలియదు. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్ళీ నోరు పెగలదు.

నాకు కార్ల పిచ్చి. ప్లాంటులో సంపాదించింది ఇంట్లో ఇచ్చి, మిగిలింది కారుకి పెట్టే రకం. మూడు సిలిండర్ల పాత చిన్న కారు ఒకటి చౌకగా దొరికితే కొన్నాను. చెన్నై దగ్గర రేసు ట్రాక్ ఉంది. కొన్ని ఆదివారాలు రుసుం తీసుకుని ఎవరి కారుతో వాళ్ళని తిరగనిస్తారు. ట్రాక్ డే అంటారు దాన్ని. పోటీ లేదు, కప్పు లేదు. మన బండి సత్తా ఏమిటో మనం చూసుకోవడమే. ఇంత వయసొచ్చినవాడికి ఇదేం సరదా అని మా ఇంట్లో అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు.

ఆ కారు ఇంజిన్ విప్పి బాగుచేసింది పెంచలయ్య మామ. వరసకి మామ కాడు, అందరం అలాగే పిలుస్తాం. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద రేకుల షెడ్డు ఆయనది. ఇంజిన్ పైన కూర్చునే భాగాన్ని హెడ్ అంటారు. దాని బోల్టులన్నీ ఒకే బిగువులో ఉండాలి. ఎంత బిగిసిందో చూపించడానికి టార్క్ రెంచ్ అని ఒక పనిముట్టు ఉంటుంది. మామ దగ్గర అది లేదు. పానా పట్టుకుని, కళ్ళు మూసుకుని, మధ్య బోల్టు నుంచి అంచులకి మెల్లగా బిగించుకుంటూ పోయేవాడు. ఒక్కో బోల్టు దగ్గర చెయ్యి ఆగేది. "చాలు" అని పైకే అనేవాడు. చేజర్ల నుంచి, వింజమూరు నుంచి, దుత్తలూరు నుంచి పెద్ద రైతుల జీపులు ఆ "చాలు" కోసమే వచ్చేవి.

నా కారు చేతికిస్తూ ఒక్క మాట చెప్పాడు. రేడియేటర్‌లో కూలంట్ మందు కలిపిన మంచినీళ్ళే పొయ్యమన్నాడు, బోరునీళ్ళు తగలనివ్వద్దన్నాడు, ఉప్పు పేరుకుంటే నీళ్ళు తిరగక ఇంజిన్ వేడెక్కిపోతుందన్నాడు. మంచినీళ్ళు అమ్ముకునే మనిషికి అది చెప్పాలా అని నవ్వాను కూడా.

మా పక్క బోరునీళ్ళ సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. బిందె అడుగున వారం తిరక్కుండా తెల్లటి పొర కడుతుంది. ప్లాంటులో ఆ నీళ్ళు రెండు పాయలవుతాయి. ఒక పైపులో తాగే నీళ్ళు. రెండో పైపులో, వాటిలోంచి తీసేసిన ఉప్పంతా కలిసిన నీళ్ళు. రిజెక్ట్ అంటాం. బోరునీళ్ళకంటే అవి ఘోరం, మొక్కకి పోసినా మాడిపోతుంది. ఆ ఎండాకాలం క్యాన్లకి గిరాకీ ఎక్కువ. మంచి పైపు కింద ఎప్పుడు చూసినా క్యాన్లు వరసగా ఉండేవి. నా కారులో ఎక్కడో సన్నగా కారుతూ నీళ్ళు తగ్గుతుండేవి. తగ్గినప్పుడల్లా, చేతికి దగ్గరగా ఉందని, రిజెక్ట్ పైపు కింద మగ్గు పెట్టాను. ఒక్కసారి కాదు. మూడు నెలలు.

తెలియక చేశానా? అదే పని మీద బతికేవాణ్ణి, తెలియకపోవడమేమిటి! ఎన్నోసార్లు అడిగాను నన్ను నేనే. క్యాన్ పక్కకి జరపడానికి బద్ధకం. కూలంట్ డబ్బా తెచ్చుకోవడానికి బద్ధకం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని వెతికాను, లేదు.

అలాగే ట్రాక్ డేకి పోయాను, నాలుగో రౌండులో వేడి చూపించే సూది ఎర్ర గీత దాటింది. చూశాను. స్పష్టంగా చూశాను. కంచె దగ్గర ఉదయగిరి నుంచి వచ్చిన స్నేహితులు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. ఆపితే ఏమనుకుంటారు? ఇంకో రౌండు తిప్పాను. తర్వాత ఇంకొకటి. బానెట్ కింద నుంచి ఆవిరి ఎగదన్నింది, ఇంజిన్ గట్టిగా మూలిగి ఆగిపోయింది.

నెల్లూరులో ఒక షెడ్డుకి లాక్కొచ్చి విప్పిస్తే, హెడ్ వంగిపోయి ఉంది. బిగించిందెవరని అడిగాడు అక్కడి మెకానిక్. ఆత్మకూరులో, చేత్తోనే బిగించారు అన్నాను. అతను నవ్వి, ఇంకేం, అందుకే వంగింది అన్నాడు. ఆ నవ్వులో నాకు దారి దొరికింది. ఆ సాయంత్రమే రేడియేటర్ విప్పి గోనెపట్టాలో చుట్టి ప్లాంటుకి పంపేశాను. రెండు రోజుల తర్వాత కబురు తెలిసి మామ బస్సెక్కి వచ్చాడు. హెడ్‌ని అరచేత్తో తడిమి చూశాడు.

"సూది యాడిదాకా పోయినాది అబ్బయా?"

"సగం కూడా దాటలా మామా. బాగా పోతాపోతా ఉన్నట్టుండి ఆగిపోయినాది."

"నీళ్ళు?"

"నువ్వు సెప్పినట్టే పోసినాను."

"రేడియేటర్ ఏదిరా? సూస్తాను."

"పగిలిపోయినాది. పారేసినాను."

మామ తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత తల ఊపాడు.

"అయితే నా చెయ్యే."

అంతే అన్నాడు. ఒక్క మాట, కాదు మామా అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. పైగా ఊరికొచ్చి టీ కొట్టు దగ్గర, చేత్తో బిగిస్తే ఇట్టాగే అవుతుంది అని నేనే చెప్పాను. ఛీ! దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట నాకంటే ముందు వింజమూరు చేరింది. జీపులు తగ్గాయి. కానీ జీపులు తగ్గినందుకు కాదు మామ ఇంజిన్ పని మానేసింది. తన చేతిని తనే నమ్మలేక మానేశాడు. ఇప్పుడు టైర్లు మారుస్తాడు, పంక్చర్లు వేస్తాడు. ఆ తర్వాతే ఒక టార్క్ రెంచ్ కొన్నాడు. ఆటో చక్రానికి నట్లు బిగించినా దానితో ఒకసారి చూస్తాడు. మళ్ళీ రెండోసారి చూస్తాడు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా మొహం అటు తిప్పుకుని పోయాను.

ఈ ఏడు మళ్ళీ పిచ్చి ఎక్కింది. కారు పట్టా కప్పుకుని అలాగే పడి ఉంది. దానికి నాలుగు సిలిండర్ల ఇంజిన్ మార్చాలనుకున్నాను. ఇంజిన్ మార్పు నాకు ఇదే మొదటిసారి. ఒక నోట్‌బుక్ పెట్టాను. వెనక భాగం దెబ్బతిన్న కారు ఒకటి నెల్లూరులో ఉంది, దాని ఇంజిన్ చెక్కుచెదరలేదు. గేర్‌బాక్సుతో సహా తీసుకోవాలి, లేకపోతే రెండూ కలవవు. అట్టపెట్టె కోసి ఇంజిన్ కొలతకి నమూనా చేసి బానెట్ కింద పెట్టి చూశాను. బ్యాటరీ డిక్కీలోకి పోవాల్సిందే. ఇంజిన్‌ని పట్టుకునే మౌంట్లు కొత్తగా చేయించాలి, వైరింగ్ మొత్తం ఆ నెల్లూరు కారు నుంచే విప్పుకోవాలి, బ్రేకులు ముందే పెద్దవి వేయించాలి. ఇలా రాసుకుంటూ పోయి, రేడియేటర్ దగ్గర పెన్ను ఆగింది. దాని పక్కన ఏమీ రాయలేకపోయాను.

ఇంజిన్ బిగించడానికి మామ తప్ప ఇంకొకరు నా మనసుకి రాలేదు. ఎంత సిగ్గులేని మనసు చూడండి! పోయి అడిగాను. కుడి అరచెయ్యి తెరిచి నా ముందు పెట్టాడు.

"టైరుంటే తే. ఇంజిన్‌కి దీన్ని నమ్ముకోబాకు."

తిరుగుదారిలో వింజమూరులో టీకి ఆగాను. టీ చల్లారిపోయింది. ఇంకో మెకానిక్‌ని చూసుకోవచ్చు. ఎవరు అడుగుతారు? ఎవరూ అడగరు, అదే కదా తొమ్మిదేళ్ళుగా నాకు కలిసొచ్చింది. నోట్‌బుక్ తీసి, మొదటి పేజీలో అన్నిటికీ పైన రాశాను: మామకి చెప్పాలి, రేడియేటర్ తీసుకుపోవాలి. ఇది అయ్యేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకూడదు. దాని కింద రెండు గీతలు కొట్టాను.

నిన్న పొద్దున పదింటికి పోయాను. గోనెపట్టా ఆయన ముందు నేల మీద విప్పాను. పగల్లేదని, పారెయ్యలేదని, నేనే దాచానని చెప్పాను. రిజెక్ట్ నీళ్ళ సంగతి, టీ కొట్టు సంగతి, అన్నీ నిలబడే చెప్పాను. మామ వంగి చూశాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని రేడియేటర్ మీద తట్టాడు. లోపలినుంచి తెల్లటి పెచ్చులు గోడసున్నంలా రాలాయి. ఒకటి నలిపి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

"సూది యాడిదాకా పోయినాది?"

తొమ్మిదేళ్ళ కిందటి ప్రశ్న, అదే గొంతు.

"ఎర్ర గీత దాటినాది మామా. దాటినాక రెండు రౌండ్లు తిప్పినాను."

నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"నీ ఇంజిన్ నా దగ్గరికి తేబాకు. పో."

వెంటనే పోలేకపోయాను. జాకీ మీద ఒక ఆటో ఉంది, డ్రైవర్ పక్కన నిలబడి ఉన్నాడు. మామ దాని ముందు కూర్చుని పానాతో చక్రం నట్లు బిగించాడు. టార్క్ రెంచ్ పక్కనే మేకుకి వేలాడుతోంది. దాని వంక ఒకసారి చూశాడు. తీసుకోలేదు. చివరి నట్టు దగ్గర కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి ఆగింది.

"చాలు" అన్నాడు, డ్రైవర్‌తో కాదు.

నేను వచ్చేశాను. ఆయన నన్ను క్షమించలేదు, క్షమించమని అడిగే మొహం నాకూ లేదు. రేడియేటర్ అక్కడే వదిలేశాను. ఈ ఉదయం వెనక గది ఊడిస్తే, అది ఉన్న చోట నేల మీద నలుచదరంగా మరక కనిపించింది. కడిగినా పోలేదు. నోట్‌బుక్‌లో మొదటి మాట కొట్టేసి, దాని కింద, మా ఊరి టీ కొట్టులో నిజం చెప్పాలి అని రాశాను. సాయంత్రం అందరూ అక్కడ చేరతారు, పోతున్నాను.