ముడుపుల బాణం

“—చాలదని అన్నది నువ్వే కదా. బరువు పెట్టినాను. ఇప్పుడు బరువు ఎక్కువయిందంటే నేను యాడికి పోయేది?”

“బరువు పెట్టమన్నాను. దోసె తిప్పే అట్లకాడ మాదిరి వెడల్పు చెయ్యమన్నానా?”

“అట్లకాడా? ఇది మా తాత చేసిన అచ్చు.”

“మీ తాత పందిని కొట్టినాడయ్యా. నువ్వు కొట్టేది అరటి బోదెను. అదీ దిగదు.”

సోగత్తూరులో ఆంజనేయన్ ఇంటి పెరట్లో సాగుతున్న ఈ మాటలు గోడ అవతల గిన్నెలు తోముతున్న పంచవర్ణానికి వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె తోమడం ఆపలేదు. ఆయుధపూజ దగ్గరపడిందంటే ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం బాణం గురించి కొట్లాడుకుంటారని వీధికంతా తెలుసు.

ఆంజనేయన్‌ది కమ్మీలు వంచే పని. ధర్మపురి చుట్టుపక్కల మేడలు కట్టేచోట, స్లాబు పోసే ముందు ఇనుప కమ్మీలు కొలిచి, వంచి, తీగతో కట్టి పెడతాడు. యాభై దాటాయి. కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేడు. ఏది వంకరగా ఉన్నా చూసి ఊరుకోలేడు. చీపురుపుల్ల చేతికొచ్చినా ఒక కన్ను మూసి ఆ చివరిదాకా చూస్తాడు. పెళ్లిచూపుల్లో తనను కూడా అట్లాగే ఒక కన్ను మూసి చూశాడని మాదమ్మాళ్ ఇప్పటికీ చుట్టాలను నవ్విస్తుంది. ఆయన నవ్వడు. ఆమె వెనక గుంజ వంకరగా ఉందని, తను చూసింది దాన్నేనని చెబుతాడు.

తమిళనాడులోని ఆ ఊళ్లో తెలుగు మాట్లాడే కొద్ది ఇళ్లవాళ్ల ముత్తాతలు వేటాడి బతికినవాళ్లు. ఊరి చివర బండల మధ్య ఉన్న వేడియప్పన్ వాళ్ల వేటసామి. అడవి చేయి దాటిపోయింది, వేట నేరమయింది, వలలు చెదలు తిన్నాయి. మిగిలింది ఏడాదికి ఒక్క బాణం. విజయదశమి నాడు సామి వేటకు బయలుదేరతాడు. బీడులో నిలువెత్తు అరటి బోదెను పాతుతారు. సామి తరపున ఒకడు విల్లు పట్టి దాన్ని కొడతాడు. బాణం బోదెలోంచి దూసుకుపోయి అవతల దాని కొసనున్న ఇనుప ములికి కనిపించిందంటే సామికి వేట దొరికినట్టు. ఆ బాణం చేసే హక్కు ఆంజనేయన్ ఇంటిది. హక్కంటే పెద్దగా ఏమీ లేదు. వేట దొరికాక సామి తలగుడ్డను మొదట బాణం చేసినవాడి తలకు చుడతారు. ఏడాది పొడుగునా తలకు పాత తువ్వాలు చుట్టుకొని ఎండలో కమ్మీలు మోసే మనిషికి ఆ ఒక్క చుట్టు చాలు.

రెండేళ్లుగా ఆ చుట్టు లేదు. ముందటేడు బాణం బోదె మధ్యలో ఆగిపోయింది. పోయినేడు ఇంకా అన్యాయం. కాస్త దిగి, అందరూ చూస్తుండగానే తోక కిందికి వాల్చి, జారి నేల మీద పడింది. వెనక ఎవరో నవ్వారు. గుడి పెద్ద సెల్వం నవ్వలేదు. ఆంజనేయన్ భుజం మీద చెయ్యి వేసి, కాలం మారింది కదా తమ్ముడూ, ఇంకొక్కసారి చూద్దాం, ఈసారీ దిగకపోతే సేలంలో ఆటసామాన్లు అమ్మేచోట మంచి బాణాలు దొరుకుతాయట, తెప్పిద్దాం, నీకూ శ్రమ తగ్గుతుంది అన్నాడు. తిట్టి ఉంటే ఆంజనేయన్ తిరిగి తిట్టి ఉండేవాడు. ఆ మెత్తదనానికి ఏడాదంతా పళ్లు నూరుకున్నాడు.

అప్పటినుంచి సలహా ఇవ్వని మనిషి లేడు. పంచవర్ణం ములికిని వేపనూనెలో నానబెట్టమంది. విల్లు పట్టే సెంతిల్, తన చేతిలో లోపం లేదని బాణం మీదే ఒట్టు వేసి చెప్పాడు. విల్లు మార్చుదామా అంటే అది సామిది, దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. కాబట్టి నేరమంతా తిరిగి తిరిగి బాణం మీదకే వచ్చేది. ఆంజనేయన్‌కు తెలిసిన మందు ఒక్కటే. బాణం దిగలేదా, ములికి ఇంకా పెద్దది చెయ్యి. చేస్తూ చేస్తూ ఆ ములికి మర్రాకంత అయింది. అదే ఇప్పుడు మాదమ్మాళ్ నోట అట్లకాడ అయింది.

ఆ ఆదివారం అక్క కొడుకు జీవా హోసూరు నుంచి వచ్చి పరిస్థితిని ఇంకా చెడగొట్టాడు. వాడు అక్కడ ఒక కంపెనీకి బండి నడుపుతాడు. ఫోనులో ఎవరో తెల్లదొర జింకల వేటకు బాణాలు చేసుకునే వీడియో పెట్టి మేనమామ ముందుంచాడు. దొర చెప్పిందంతా వాడే అరవంలోనూ తెలుగులోనూ కలిపి చెప్పాడు. బరువు ముందుకు ఉండాలన్నది సరేనట. కానీ ములికి సన్నగా, పొడుగ్గా ఉండాలట. ములికి వెడల్పుకన్నా కర్ర సన్నగా ఉండాలట. రెండూ కలిసేచోట వేలితో రాస్తే ఏమీ తగలకూడదట.

“వాడు జింకను కొడతాడు,” అన్నాడు ఆంజనేయన్. “జింకలో ఎముక ఉంటుంది. బోదెలో ఏముంది? నీళ్లు.”

“ఆ నీళ్లపట్టలే కర్రను పట్టుకుంటాయి మామా. నువ్వు ములికి కింద దారం చుట్టి లక్క పోస్తావు చూడు, ఆ బుడిపె దగ్గరే ఆగిపోతుంది.”

ఆంజనేయన్ ఫోను వాడి ఒళ్లో పడేసి లేచి వెళ్లాడు. వాడు చెప్పింది తప్పయి ఉంటే అంత కోపం వచ్చేది కాదు. నేల మీద పడిన బాణాన్ని పోయినేడే చూశాడు, బోదె నీళ్ల తడి సరిగ్గా ఆ బుడిపె దాకే ఉంది. చూసి కూడా ములికినే పెద్దది చేశాడు.

మరునాటినుంచి పనికి పోయి వచ్చాక పెరట్లో కూర్చున్నాడు. లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో కాల్చి సన్నటి ములికి సాగదీశాడు. వేపాకు అంత వెడల్పు, దానికన్నా పొడుగు, రెండు వైపులా పదును. వెదురు కర్ర కొన వైపు చెక్కి సన్నం చేశాడు. ములికి కింద ఆ సన్నం చేసినచోటే దారం చుట్టి లక్క పోసి ఆకురాయితో రాస్తే చుట్టు కర్రతో సమానమైపోయింది. వెదురును నిప్పుల మీద తిప్పుతూ వంకర తీయడం మాదమ్మాళ్ పని. ఆమె చెయ్యి కాలింది, అతన్ని తిట్టింది, మళ్లీ తిప్పింది. వెనక మూడు కోడిపుంజు ఈకలు కట్టారు. పరీక్షకని సామి విల్లుకు సరితూగే విల్లు ఒకటి ఆంజనేయన్ దగ్గర ఉంది. గెల కోసిన అరటి బోదెను పంచవర్ణం పెరట్లోంచి తెచ్చి పాతాడు.

కొట్టిన బాణం బోదెలోంచి ములికితో సహా జానెడు అవతలికి వచ్చింది.

మాదమ్మాళ్ చుట్టూ తిరిగి వెళ్లి చూసింది. “అమ్మయ్యా. ఇంక ఈ ఇంట్లో రెండు దినాలు నిమ్మళంగా అన్నం తినొచ్చు,” అంది.

ఆంజనేయన్ మొహంలో సంతోషం లేదు. బోదె దగ్గర నిలబడి ఆ బాణాన్నే చూస్తున్నాడు. ఇంత బోసిగా, ఇంత శుభ్రంగా తన బాణం ఒక్క ఏడు కూడా సామి వింటి మీదికి ఎక్కలేదు.

ఆయుధపూజ నాటి సాయంత్రం బాణాన్ని గుడిలో పెడతారు. ఇంటింటివాళ్లు వచ్చి దానికి ముడుపు కడతారు. ముడుపు బాణంతోపాటే బోదెలోకి పోవాలి. పోతే మొక్కు సామికి ముట్టినట్టు. ఆంజనేయన్ నాయన కాలంలో కొద్ది ఇళ్లు, తలా ఒక పసుపుదారం. ఇప్పుడు హోసూరు, బెంగళూరు పనులకు పోయినవాళ్లంతా ఆ రోజుకు దిగుతారు. పట్టు అంచులు, జరీ తాళ్లు, మల్లెపూలు. ములికికి నిమ్మకాయ గుచ్చుతారు. పోయినేడు ఒకడు కొత్త బండి తాళంచెవి కట్టాడు. సెంతిల్ చేతికి వచ్చేసరికి బాణం పెళ్లికూతురు మాదిరి తయారయింది.

ఆంజనేయన్ ఇంట్లోకి వెళ్లి మాదమ్మాళ్ పాతచీర ఒకటి తెచ్చి పీలికలు చించాడు. బాణానికి ముందునుంచి వెనకదాకా కట్టి మళ్లీ కొట్టాడు. ములికి దిగింది, పీలికలు బోదె మొహానికి అతుక్కున్నాయి, బాణం అక్కడే ఆగి తోక వాల్చింది. పోయినేడు వాల్చినట్టే.

“ఆ చీర ఇంకా కట్టుకుంటా ఉన్నాను నేను,” అంది మాదమ్మాళ్. తర్వాత బాణాన్ని చూసి, బోదె మొహం మీది పీలికలను ఒక్కొక్కటే ఊడదీసింది.

రెండేళ్లుగా ఇనుమును తిట్టాడు, వెదురును తిట్టాడు, పెళ్లాన్ని తిట్టాడు. తిట్టకుండా వదిలింది ఒక్క ముడుపులనే. ఎందుకు వదిలాడో అతనికి తెలుసు. అన్నిటికన్నా ముందు, సరిగ్గా ములికి వెనక, అన్నిటికన్నా లావుగా కట్టే ముడుపు అక్క మాదేశ్వరిది. జీవా పెళ్లయినప్పటినుంచీ ఆమె గుడ్డతో చిన్న ఉయ్యాల కట్టి, అందులో గులకరాయి పెట్టి ముడి వేస్తుంది. మనవడు కావాలి. అమ్మ పోయినప్పుడు ఆంజనేయన్‌కు సరిగ్గా నడక రాలేదు. చంకన వేసుకొని తిరిగి పెంచింది అక్కే.

అతను సెల్వం దగ్గరికి పోయి సంగతి చెప్పాడు. సెల్వం శాంతంగా విన్నాడు. నాలుగు ఇళ్లవాళ్లను కట్టొద్దని నేను చెప్పగలనా తమ్ముడూ, ముందు మీ అక్కతో చెప్పి చూడు అన్నాడు. అన్నీ తెలిసి అన్న మాట అది.

మహేంద్రమంగళంలో అక్క టమాటా తోటలో పెట్టెలు నింపుతోంది. తమ్ముడు చెప్పిందంతా పని ఆపకుండానే వింది. పుచ్చిన కాయలు ఏరి పక్కన పారేస్తూనే ఉంది.

“ముడుపు బోదెకు కట్టు అక్కా. బాణం దాంట్లోనుంచే పోతుంది కదా.”

“బోదెకు కడితే బోదెకు మొక్కినట్టు. సామి చేతిలోనుంచి పోయేది బాణం.”

“రెండేండ్లుగా పోతా ఉందా? నేల మీద పడుతా ఉంది. నీ ఉయ్యాల కూడా దాంతో పడింది.”

“అందుకే ఈసారి గట్టిగా చెయ్యి అంటా ఉండేది.”

ఆంజనేయన్ గట్టు మీద కూలబడ్డాడు. ఇనుముకు చెప్పొచ్చు, కాల్చి కొడితే వింటుంది. మళ్లీ మొదటినుంచి చెప్పాడు. నీళ్లపట్టలు, బుడిపె, పీలికలు. ఆమె చివరికి చేతులు దులుపుకొని అతని ఎదురుగా నిలబడింది.

“బాణం దిగితే నీ తలకు గుడ్డ. నా మొక్కు ముట్టితే నాకు మనవడు. ఏది పెద్దది రా, నువ్వే చెప్పు.”

ఆమె మజ్జిగ ఇచ్చింది, తాగాడు. ఇంటికి తీసుకుపొమ్మని ఒక సంచి నిండా టమాటాలు పోసింది. వద్దంటే వినలేదు, ఆ ఒక్క విషయంలోనే కాదు, ఏ విషయంలోనూ ఆమె వినదు.

బస్సు ఆగేచోటి దాకా కోడలు ముత్తుసెల్వి సంచి పట్టుకొని వచ్చింది. మాట తక్కువ మనిషి. జీవా వారానికొకసారి వచ్చి పోతుంటాడు, ఆమె అత్తతో ఇక్కడే ఉంటుంది. బస్సు కనిపించాక అంది.

“ఆ ఉయ్యాల గుడ్డ నా చీరది మామా. ప్రతి ఏడూ నన్ను అడగకుండానే చించుతుంది. అది అందరి ముందర ఊగుతా పోతుంది. కింద పడితే అందరూ బాణాన్ని చూడరు. నన్నే చూస్తారు.”

సంచి అతని చేతికిచ్చి తిరిగి నడిచింది. ఏమీ చెయ్యమని అడగలేదు. బస్సులో ఆంజనేయన్‌కు సీటు దొరికింది కానీ ధర్మపురి దాకా నిలబడే వచ్చాడు. ఒళ్లో పెట్టుకోవాల్సిన సంచిని కాళ్ల మధ్య పెట్టుకుంటే రెండు టమాటాలు చితికి చెప్పులోకి కారాయి. దానికి కూడా కండక్టరుతో గొడవపడ్డాడు.

ఆయుధపూజ సాయంత్రం గుడి ముందు జనం చేరారు. ఆంజనేయన్ బాణాన్ని కడిగి, పసుపు రాసి బండ మీద పెట్టాడు. సన్న ములికిని చూసి సెంతిల్ ఇది సూదిలా ఉందన్నాడు. పెద్దావిడని మాదేశ్వరిని ముందుకు రమ్మన్నారు. ఆమె కళ్లకద్దుకొని ములికి వెనకే ఉయ్యాల కట్టింది. ఈసారి గుడ్డ నీలిరంగుది. ముత్తుసెల్వి ఆడవాళ్ల వెనక, గోడ పక్కన, తల వంచుకొని ఉంది. తర్వాత వరసలో ఉన్నవాళ్లు దారాలూ, తాళ్లూ, పూలూ పట్టుకొని ముందుకు జరిగారు. నిమ్మకాయ ఎవరిదని సెల్వం అడిగాడు.

ఆంజనేయన్ బండ మీది బాణాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎవరూ ఏమీ అడగకముందే, అక్కవైపు తిరక్కుండా, సెల్వాన్ని చూసి చెప్పాడు.

“అన్నా, ఈ ఏడు బాణానికి ఒక ముడుపూ ఉండదు. మా అక్క కట్టింది మొదట విప్పుతా ఉన్నాను. ఇది ఒట్టిగానే పోతుంది. దిగకపోతే వచ్చే ఏడు అంగడిలో తెచ్చుకోండి. దిగినా సరే, సామి తలగుడ్డ నా తలకు చుట్టొద్దు.”