డైనోసార్‌ను అదిలించిన రోజు

సూర్యాపేటలో ఉండే మా మనవరాలు కొత్త వీడియో గేములు ఎట్లా ఉన్నాయో ఒక వెబ్‌సైట్‌కు రాస్తుంది. నెలల తరబడి ఎదురుచూసిన డైనోసార్ల గేము వచ్చిందని, దానిమీద రాసింది నాకు చదవమని ఇచ్చింది. ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని, కూడబలుక్కుంటూ చదివాను. "గుండె ఆగిపోయేంత భయం" అని ఉంది.

"ఏదీ, జర సూపియ్యవే," అన్నాను.

టీవీలో చీకటి వరండా, ఎదురుగా తలుపు దాకా వచ్చిన పెద్ద డైనోసార్. త్రిపురారంలో మా వరిచేలోకి అడవిపందులు వస్తే అదిలించిన గొంతు నాది. అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టి "హోయ్!" అని అరిచాను. అది వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"నిన్ను సూసి ఉరికింది అమ్మమ్మా!" అని మనవరాలు పడీపడీ నవ్వింది.

అది మళ్లీ వచ్చింది. ఈసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అయినా అదే తలుపు దాకా వచ్చి, అట్లాగే తిరిగిపోయింది. పిల్ల నవ్వు ఆగిపోయింది.

"పందులైతే ఇంకో గట్టు మీదికెళ్లి వస్తయి బిడ్డా. దీనికి ఆ తెలివి గూడ లేదు."

"ఎంత ఆశపడ్డనో నీకు ఎర్కే గదా. బాగలేదని నేనెట్ల రాయాలె?"

"నీ మాట నమ్మి కొన్నోళ్లు నన్ను తిడతరా, నిన్నా?"

మూతి ముడుచుకుని పోయి మళ్లీ రాసింది. సాయంత్రం చదివాను: "ఈ డైనోసార్‌ను చూసి మా అమ్మమ్మ కూడా భయపడలేదు. ఆమె అరవకపోయినా అది వెళ్లిపోయింది."

అంతా నిజమే. నా గొంతు గురించి మాత్రం ఒక్క మంచి మాట రాయలేదు.